పెరుగుతున్న గీత కింద ఎవరున్నారు?

రెండేళ్ళ కిందట వేసవి సెలవులకి మా ఊరు వెళ్ళినప్పుడు జరిగిన చిన్న విషయంతో ఈ వ్యాసం మొదలుపెడతాను. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పొద్దున పదింటప్పుడు ప్రభుత్వ సర్వే అంటూ ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. నాన్న ఊళ్ళో లేడు. అమ్మ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను పక్కనే నా కొడుకు చేత అన్నం తినిపించే ప్రయత్నంలో ఉన్నాను.

"మీరేం పని చేస్తారాంటీ?" అనడిగింది ఆ అమ్మాయి.

"నాకేం పనమ్మా? ఇంటికాడే ఉంటా" అంది అమ్మ, చెయ్యి ఆపకుండానే.

అమ్మాయి ట్యాబ్ మీద ఏదో నొక్కింది. అంతలో కొట్టంలోంచి గేదె అరిచింది. అమ్మాయి అటు చూసింది.

"గేదెలు మీవేనా?"

"మావే. రెండు పాడివి, ఒకటి చూడిది."

"పాలెవరు పితుకుతారు?"

"ఇంకెవరు, నేనే."

"అమ్ముతారా?"

"ఇంటికి ఉంచుకుని మిగతావి కేంద్రానికి పోస్తాం."

"బిల్లెవరి పేరు మీద వస్తుంది?"

"ఆయన పేరు మీద."

అమ్మాయి ముందు నొక్కింది చెరిపేసి మరొకటి నొక్కింది. నేను కుతూహలం ఆపుకోలేక ఏం మార్చావని అడిగాను. "ఇందాక 93 వేశాను మేడమ్. ఇప్పుడది 21 అవుతుంది" అంది. చల్లటి మజ్జిగ తాగి పక్కింటికి వెళ్ళిపోయింది. అమ్మ చింతపండు పని అయిపోయింది గాబోలు, కుడితి కలపడానికి లేచింది. తన నంబరు మారిందన్న సంగతి ఆమె పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ రెండంకెలు చాలాకాలం మనసులోంచి పోలేదు.

మన దేశంలో ఎవరెవరు ఏ పని చేస్తున్నారో లెక్క తీసే నమూనా సర్వేల్లో ప్రతి మనిషికీ ఒక సంకేత సంఖ్య వేస్తారు. నెలజీతం మీద పనిచేసేవాళ్ళు 31. రోజు కూలీలు 51. చదువుకుంటున్నవాళ్ళు 91. ఇంటిపని మాత్రమే చేసే మనిషి 92. ఇంటిపనితో పాటు ఇంటి అవసరాల కోసం కట్టెలు, కూరాకు, పశువుల మేత ఏరి తెచ్చుకునేవాళ్ళు, బట్టలు కుట్టుకునేవాళ్ళు 93. ఈ 92, 93 వాళ్ళు శ్రామికుల లెక్కలోకి రారు. 21 అంటే కుటుంబ వ్యాపారంలోనో వ్యవసాయంలోనో జీతం లేకుండా సాయపడే మనిషి. ఈమె శ్రామికురాలు. మా అమ్మ ఆ రోజు చింతపండు గింజలు తీస్తూ తీస్తూ దేశ శ్రామికశక్తిలో చేరిపోయింది. పొద్దున నాలుగున్నరకి లేవడం, పేడ తియ్యడం, పాలు పితకడం ఏదీ మారలేదు. ఒక అమ్మాయి మరో రెండు ప్రశ్నలు అడిగింది, అంతే.

ఇప్పుడు ఆ రెండు ప్రశ్నల్ని దేశం మీదికి తీసుకెళ్ళి చూద్దాం. మనది పైకెక్కే గీతల కాలం. స్థూల జాతీయోత్పత్తి గీత, ఎగుమతుల గీత, పరాయి దేశాల నుంచి వచ్చే డబ్బు గీత, అన్నీ కింద నుంచి పైకి వెళ్తుంటాయి. వాటిలో ఈమధ్య అందరూ ఆనందంగా చూపిస్తున్న గీత ఆడవాళ్ళ శ్రామిక భాగస్వామ్యానిది. శ్రామికశక్తి మీద జరిగే వార్షిక సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో పనిలో ఉన్నవాళ్ళు, పని కోసం వెతుకుతున్నవాళ్ళు కలిపి 2017-18లో 23.3 శాతం. 2023-24 నాటికి అది 41.7 శాతం. పల్లెల్లో 24.6 నుంచి 47.6కి పెరిగింది. ఆరేళ్ళలో ఇంత పెరుగుదల మామూలు విషయం కాదు. అంతకు ముందు పదేళ్ళకు పైగా ఈ గీత కిందికే జారుతూ వచ్చింది. ఆడవాళ్ళు ఎందుకు తప్పుకుంటున్నారని ఆర్థికవేత్తలు తలలు పట్టుకున్నారు. అలాంటిది ఇప్పుడు నిటారుగా లేచింది.

అయితే అవే పట్టికల్లో మరో పేజీ ఉంది. పని చేస్తున్న స్త్రీలలో స్వయం ఉపాధి వాళ్ళ వాటా 2017-18లో 51.9 శాతం అయితే 2023-24లో 67.4 శాతం. నెలజీతం వచ్చేవాళ్ళ వాటా 21 నుంచి 15.9కి తగ్గింది. స్వయం ఉపాధి అనే మాట వినగానే మనకి సొంత కొట్టు పెట్టుకున్న మనిషి గుర్తొస్తుంది. కానీ ఆ స్వయం ఉపాధి లోపలే 21వ నంబరు కూడా ఉంటుంది. 2023-24లో పని చేసే స్త్రీలలో 36.7 శాతం, అంటే మూడో వంతు పైగా, ఈ జీతం లేని సహాయకులే. స్వయం అంటే తాను. తన చేతికి పైసా రాని మనిషిని స్వయం ఉపాధిలో ఉన్న మనిషి అనడానికి మన భాషకి నోరెలా వచ్చిందా అని సాహిత్య విద్యార్థినిగా ఆశ్చర్యపోతుంటాను.

దీని మీద రెండు వాదనలు నడుస్తున్నాయి. పల్లె స్త్రీలు ఇల్లు దాటి వస్తున్నారు, ఇది అభివృద్ధి అని ఒకటి. ఇదంతా లెక్క మారడం వల్ల వచ్చిన పెరుగుదల, లేదా ఇబ్బందుల్లో పడ్డ కుటుంబాలు ఆడవాళ్ళ చేత మరింత చాకిరీ చేయించడం వల్ల వచ్చిన పెరుగుదల అని రెండోది. రెండింటిలోనూ కొంత కొంత నిజం ఉండవచ్చు. నా ప్రశ్న వాటికి కొంచెం పక్కన ఉంది. ఒక మనిషి చేస్తున్న పనిని చూడకపోవడం అన్యాయమే. మరి చూసి, లెక్కపెట్టి, ఆ లెక్కని మన విజయంగా ప్రకటించుకుని, ఆ మనిషిని ఉన్నచోటే ఉంచితే అది న్యాయం అవుతుందా? లెక్కలోకి రావడమూ విలువ దక్కడమూ ఒకటేనా?

స్త్రీవాదం చాలాకాలం లెక్కలోకి రావడం కోసమే పోరాడింది. జాతీయాదాయాన్ని లెక్కకట్టే పద్ధతికి రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లో అమెరికా కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదికలోనే ఇల్లాళ్ళ సేవల్ని ఇందులో కలపడం లేదని చెప్పాడు. ఒక దేశ ప్రజల క్షేమాన్ని జాతీయాదాయం నుంచి అంచనా కట్టడం కుదరదని కూడా హెచ్చరించాడు. ప్రపంచం ఆయన అంకెని తీసుకుంది, హెచ్చరికని వదిలేసింది. న్యూజిలాండ్ పార్లమెంటులో 1975 నుంచి తొమ్మిదేళ్ళు సభ్యురాలిగా ఉన్న మెరిలిన్ వేరింగ్ ఈ లెక్కల వెనక ఉన్న రాజకీయాన్ని బయటపెడుతూ 1988లో ఒక పుస్తకమే రాసింది. మన దేశంలో దేవకీ జైన్ రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో ఇళ్ళకి వెళ్ళి ఆడవాళ్ళు రోజంతా ఏ గంటలో ఏం చేస్తున్నారో నమోదు చేయించింది. మామూలు సర్వేలు పనిలేని వాళ్ళుగా రాసుకున్న స్త్రీలు నిజానికి ఎంత పని చేస్తున్నారో ఆ అధ్యయనం చూపించింది.

ఈ ఒత్తిడి వల్ల కొంత కదలిక వచ్చింది. 1993లో ఐక్యరాజ్యసమితి సవరించిన జాతీయ లెక్కల పద్ధతి సొంత వాడకం కోసం వస్తువుల్ని తయారుచేసుకోవడాన్ని ఉత్పత్తిగా గుర్తించింది. నీళ్ళు మోసుకురావడం కూడా ఆ గీత లోపలికి వచ్చింది. కానీ ఆ నీళ్ళతో అన్నం వండడం బయటే ఉండిపోయింది. బిందె గడప దాటేవరకూ ఉత్పత్తి, గడప దాటాక ప్రేమ. ఈ గడప ఎవరు కట్టారు? ఇదే వంట హోటల్లో చేస్తే ఉత్పత్తి, ఇదే బిడ్డని డబ్బు తీసుకుని పెంచితే సేవారంగం. పనిలో తేడా లేదు, పనిచేసే మనిషికి ఇంటితో ఉన్న సంబంధంలో తేడా. పెళ్ళి అనే సంబంధం శ్రమని శ్రమ కాకుండా చేసేస్తుంది.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరు మర్చిపోయి, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నా విద్యార్థినులు ఇష్టంగా చదివే కథ ఇది. మా అమ్మ నంబరు మారిన రోజు నాకు ఈ కథే గుర్తొచ్చింది. మన సాహిత్యం పేరు అడిగింది. రాజ్యం నంబరు ఇచ్చింది. నంబరు తక్కువదని అనను. పేరు లేని చోట నంబరు కూడా ఒక ఉనికే. కాని ఆ నంబరు కింద రాసిన వివరణలో 'జీతం లేకుండా' అనే మాట ఉంది. దాన్ని ఎవరూ గట్టిగా చదవడం లేదు.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉండేది. అమ్మ బాధితురాలు, నేను ఆమె తరఫున మాట్లాడే కూతురిని. కానీ మా కొట్టంలో అమ్మ ఒక్కతే లేదు. నా చిన్నప్పుడు పేడ తియ్యడానికి, గడ్డి కొయ్యడానికి మాలపల్లె నుంచి ఒకామె వచ్చేది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, ఆమెని అడగలేదు గనక. ఆమెకి మా ఇంట్లో ఇచ్చింది చెంబెడు మజ్జిగ, మిగిలిన కూర, సంక్రాంతికి అమ్మ కట్టి విడిచిన చీర. ఎప్పుడైనా నాలుగు డబ్బులు. ఆ పనిని మా ఇంట్లో 'సాయం' అనేవాళ్ళు. నాన్న అమ్మ పనిని చూసినట్టే అమ్మ ఆమె పనిని చూసింది. ఆమె మిగతా రోజుల్లో మిరపకోతలకి వెళ్ళేది. మగవాళ్ళకిచ్చే కూలికంటే తక్కువ కూలికి.

దళిత స్త్రీవాదులు మనల్ని ఎప్పుడో నిలదీశారు. ఇంటిపని విముక్తి గురించి మాట్లాడే మీరు ఎవరింటి పని గురించి మాట్లాడుతున్నారని. ఆమెకి ఇల్లు దాటి రావడం ఒక ఆకాంక్ష కాదు, పుట్టుకతో వచ్చిన నిర్బంధం. ఆడవాళ్ళ శ్రమ అదృశ్యం అని మనం రాసినప్పుడు ఆమె శ్రమ పట్టపగలు పొలంలో అందరికీ కనిపిస్తూనే ఉంది. అది కనపడక కాదు, దాన్ని చవగ్గా ఉంచడం అందరికీ అవసరం కనక దానికి విలువ రాలేదు. అంటే కనిపించడం ఒక్కటే సరిపోదని మనకంటే ముందు ఆమెకి తెలుసు. పైకెక్కే గీతని చూసి మురిసిపోయే ముందు ఈ జ్ఞానాన్ని తీసుకోవాలి. ఆ పట్టికలోనే పనిచేసే స్త్రీలలో రోజుకూలీల వాటా 27 శాతం నుంచి 16.7కి తగ్గింది. ఆమెలాంటివాళ్ళు కూలి మానుకుని సుఖపడ్డారా, కూలి దొరక్క సొంత మేకల వెంటా కుట్టుమిషను వెంటా పడ్డారా అన్నది ఆ శాతం చెప్పదు.

ఇక నా సంగతి. పరిశోధన చేస్తున్నన్నాళ్ళూ నేను 91ని. సిద్ధాంత గ్రంథం సమర్పించాక కొడుకు పుట్టాడు. వాడికి రెండేళ్ళొచ్చేదాకా నేను 92ని. ఆ రెండేళ్ళలో వాడు నిద్రపోయిన గంటల్లో నాలుగు వ్యాసాలు రాశాను. అది ఏ నంబరు కిందికీ రాదు. తర్వాత ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద చేరి 31ని అయ్యాను. దేశ పట్టికలో నాలాంటివాళ్ళం తక్కువ, అందుకే మా మీద చాలా ఆశలు. కానీ నేను 31 కావడానికి అమ్మ ఏడాదిలో ఐదు నెలలు ఊళ్ళో గేదెల్ని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి హైదరాబాదులో నా కొడుకుని పెంచింది. ఆ ఐదు నెలలూ ఆమె మళ్ళీ 92. ఆమె లేని నెలల్లో ఇంకో అమ్మాయి వచ్చేది. ఆమె తన ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలేసి వచ్చేది. నేను ఆమెకిచ్చిన జీతం నా జీతంలో ఎన్నో వంతో రాయడానికి సిగ్గుపడుతున్నాను.

ఈ గొలుసు హైదరాబాదులో ఆగదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళారో మనకి తెలుసు. అక్కడి ఇరవయ్యో నంబరు వీసా గురించి ఆ ఊళ్ళల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఇచ్చే వీసా అది. వాళ్ళు వేరేవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుంటే వాళ్ళ పిల్లల్ని అమ్మమ్మలు ఎత్తుకుంటారు. అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో దీన్ని ప్రపంచవ్యాప్తమైన సంరక్షణ గొలుసు అంది. 2024లో విదేశాల నుంచి భారతదేశానికి వచ్చిన డబ్బు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. మరే దేశానికీ అంత రాలేదు. అది కూడా పైకెక్కే గీతే. అందులో ఇంజనీర్ల జీతాలతో పాటు ఇరవయ్యో నంబరు వాళ్ళ జీతాలూ ఉన్నాయి. ఆ గొలుసు చిట్టచివర కూర్చున్న అమ్మమ్మ మాత్రం ఏ డాలర్లోనూ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో జీతం లేని సంరక్షణ శ్రమ రోజుకి 1,640 కోట్ల గంటలు. అందులో నాలుగింట మూడు వంతులు స్త్రీలవి. పైకెక్కే ప్రతి గీతకీ ఈ గంటలు నేల. నేలని ఎవరూ గ్రాఫులో గియ్యరు.

అయితే ఇంటిపనికి మన దేశంలో ఎప్పుడూ విలువ కట్టలేదని కాదు. కట్టే చోటు ఒకటుంది, మోటారు ప్రమాదాల కోర్టు. ఇల్లాలు రోడ్డు ప్రమాదంలో చనిపోతే ఆమె ఇంటికి చేసిన సేవల విలువెంత అని అక్కడ లెక్కవేస్తారు. 2001లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఆ సేవలకి నెలకి 3,000 రూపాయలు కట్టింది. 2021 జనవరిలో ఇలాంటి మరో కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాస్తూ, ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని 2011 జనాభా లెక్కల్లో చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్ల మంది, పురుషులు 58 లక్షల లోపు అని గుర్తుచేశారు. ఇల్లాళ్ళు పని చెయ్యరన్న భావన తప్పని అన్నారు. మంచి తీర్పు. కానీ ఎంత విచిత్రం! బతికున్నన్నాళ్ళూ విలువ లేని పనికి, చెయ్యడం ఆగిపోయిన రోజున విలువ వస్తుంది. ఆ డబ్బు కూడా ఆమె చేతికి రాదు.

మరి ఏం కావాలి? 1972లో ఇటలీలో సెల్మా జేమ్స్, మరియారోసా డల్లా కోస్టా, సిల్వియా ఫెదెరిచీ లాంటివాళ్ళు ఇంటిపనికి వేతనం కావాలని ఉద్యమం మొదలుపెట్టారు. మన పక్క రాష్ట్రాలు 2023లో ఇల్లాళ్ళకి నెలనెలా డబ్బివ్వడం మొదలుపెట్టాయి, తమిళనాడులో వెయ్యి, కర్ణాటకలో రెండు వేలు. తమిళనాడు దానికి స్త్రీల 'హక్కు మొత్తం' అనే పేరు పెట్టింది. ఉచితాలని దాన్ని వెక్కిరించే వాళ్ళతో నేను లేను. చేతిలో సొంత వెయ్యి రూపాయలుండడం అంటే ఏమిటో కందిపప్పు డబ్బాలో నోట్లు దాచుకున్న తల్లుల కూతుళ్ళకి చెప్పక్కర్లేదు. కాని ఆ వెయ్యి రూపాయలు ఎవరు ఏ పని చెయ్యాలన్న ఏర్పాటుని ముట్టుకోదు. వంటింటికి జీతం వచ్చినా వంటింట్లో నిలబడే మనిషి మారకపోతే ఆ జీతమే ఆమెని అక్కడ కట్టేసే తాడు కావచ్చు.

అందుకే నేను చూడాలనుకునే గీత వేరు. ప్రభుత్వమే చేసిన కాల వినియోగ సర్వేలో అది ఉంది. ఇంటిపని చేసిన స్త్రీలు 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే 2024లో 289 నిమిషాలు చేశారు. పది నిమిషాలు తగ్గింది. గ్యాసు పొయ్యో, కుళాయో, మిక్సీయో తగ్గించి ఉంటుంది. మగవాళ్ళు మాత్రం తగ్గించలేదు. ఎందుకంటే ఏదో ఒక ఇంటిపని చేసిన మగవాళ్ళ సగటు ఆ ఐదేళ్ళలో 97 నిమిషాల నుంచి 88కి పడిపోయింది. స్త్రీలు శ్రామికశక్తిలోకి వచ్చే గీత నిటారుగా లేచిన ఆ ఏళ్ళలోనే ఇది జరిగింది. ఆమె బయటికి ఒక అడుగు వేస్తే అతను లోపలికి అడుగు వెయ్యలేదు. పైగా తొమ్మిది నిమిషాలు వెనక్కి వెళ్ళాడు. ఒక సమాజం నైతికంగా పెరుగుతోందా లేదా అని చూడడానికి స్థూల జాతీయోత్పత్తి కంటే ఈ 88 నాకు నమ్మదగిన అంకె.

లెక్కలు ఆపమని నేననడం లేదు. ఆ అమ్మాయి గేదె అరుపు విని మరో ప్రశ్న అడిగినందుకు కృతజ్ఞురాలిని. ఇంకో రెండు ప్రశ్నలు కూడా ఆ ట్యాబ్‌లో ఉండాలంటున్నాను: ఆ డబ్బు ఎవరు ఖర్చుపెడతారు? మీరు పని మానేస్తే ఎవరు చేస్తారు? ఈ రెండింటికీ జవాబు మారినప్పుడు గీత పెరిగిందని ఒప్పుకుందాం. ఈ ప్రశ్నలు నా ఇంట్లో, నా జీతం నుంచి ఇంకొకామెకి వెళ్ళే డబ్బు దగ్గర, మొదట నాకే తగులుతాయని తెలిసే అడుగుతున్నాను.

పోయిన సంక్రాంతికి పాల కేంద్రం ఖాతా అమ్మ పేరు మీదికి మార్పిద్దామని నాన్నతో అన్నాను. ఆయన కోప్పడలేదు. "ఇప్పుడెందుకు, అందరం ఒకటేగా" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అరిసెల పాకం చూస్తోంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాలు పోసేటప్పుడు కొత్త పుస్తకానికి ఏమేం కాయితాలు కావాలో కనుక్కుని వచ్చా, పోయిన నెల్లోనే" అంది. నాన్నా నేనూ ఇద్దరం ఆమె వైపు తిరిగాం. పాకం ముదిరిపోతోందని పిండి అందుకోమంది. పిండి గిన్నె నాన్నకి దగ్గరగా ఉంది.